వజ్రం దొరికితే గంటలో, గడ్డ దొరికితే ఏడాదికి

(పత్తికొండలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో ఒక సర్జన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకు వినబడుతోందా? వినబడకపోతే ముందుకొచ్చేయండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే డాక్టరమ్మ ప్రశ్నలడుగుతుందని భయం కాబోలు. వెనక కూర్చున్నా అడుగుతాను.

ఇందాక నన్ను పరిచయం చేసిన అక్క "మేడమ్ గారు ఇప్పుడు మహిళల ఆరోగ్య సమస్యల గురించి మాట్లాడతారు" అన్నారు. ఆమె చేతిలో ఉన్న కాగితం నేను చూశాను. అందులో "రొమ్ము క్యాన్సర్" అని రాసుంది. ఆ మాట దాకా వచ్చి, ఆగి, మైకు సెట్ అబ్బాయి వైపు ఒకసారి చూసి, "ఆరోగ్య సమస్యలు" అని తేల్చేశారు. (నవ్వులు) అక్కా, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదువుకుని, సర్జన్‌నై, పరీక్షల్లో ఆ మాట వందసార్లు రాసొచ్చి కూడా మా అత్తగారి దగ్గర మాత్రం "ఎద దగ్గర ఏమన్నా ఇబ్బందా అత్తా" అని అడిగేదాన్ని. ఆమె "గ్యాసు పట్టినట్టుంది" అనేది. నేను అడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఒకటి.

బాబూ, నువ్వెక్కడికి లేస్తున్నావు? కూర్చో నాయనా. ఈ జబ్బు వచ్చిన ప్రతి 100 మందిలో ఒకరు దాకా మగవాళ్ళుంటారు. నీకూ పనికొచ్చే మాటలే ఇవి.

సరే. ఇక్కడ తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర వైపు నుంచి వచ్చినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీలో తొలకరి పడగానే వజ్రాలు వెతకడానికి చేలల్లోకి పోయినవాళ్ళు ఎందరు? సిగ్గుపడకండి, నేను పోలీసును కాదు. (నవ్వులు) నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ఎర్రమట్టి నేల, వాన కడిగిన లక్ష రాళ్ళు, అందులో ఒకటి తేడాగా మెరిస్తే మీ కంటికి ఆనుతుంది. మాలాంటి వాళ్ళు కారు దిగి రోజంతా తిరిగినా గాజుపెంకు దొరుకుతుంది. మీకు మాత్రం ఏ రాయి ఎప్పుడూ ఉండేదో, ఏది కొత్తగా బయటపడిందో తెలుసు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ రాయి దొరికితే ఎంతసేపు దగ్గర పెట్టుకుంటారు? ఎవరో అన్నారు, "గంట కూడా ఉండనీరు మేడమ్, సేటు వచ్చేస్తాడు" అని. అంతే కదా? కొంగున కట్టుకున్న రాయి కబురు గంటలో వ్యాపారి దాకా పోతుంది. మరి రొమ్ములో గడ్డ తగిలితే ఎన్నాళ్ళు దాచుకుంటారు?

నేను వైద్యం చేసిన ఒకామె గురించి చెబుతాను. ఊరు, పేరు వద్దు. గడ్డ ఎప్పుడు తగిలింది అని అడిగాను. నేను తేదీలు అడుగుతుంటే ఆమె పనులు చెబుతూ వచ్చింది. వినాయక చవితికి ముందు తలస్నానం చేస్తుంటే సబ్బు చేతికి తగిలిందట. శనగ గింజంత. నొప్పి లేదు. "నొప్పి లేదు గదా, ఏముంటుందిలే" అనుకుంది. ఆ తర్వాత పత్తి తీతలు మొదలైనాయి. అవి అయిపోతూనే సుగ్గి. మీకు చెప్పక్కర్లేదు, ఇంటికి తాళం వేసి, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి, గుంటూరు వైపు మిరప కోతలకు పోయారు. అక్కడ గుడారంలో పడుకుంటే పక్కకు తిరిగినప్పుడు తగులుతోందని ఆమెకు తెలుసు. ఉగాదికి తిరిగొచ్చారు. మరిది కూతురి పెళ్ళి. పెళ్ళిలో ఏడుపు ఎందుకని ఊరుకుంది. తర్వాత విత్తనం పని. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోయి మొక్కుకుని, ఆ మరుసటి వారం కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చింది. అప్పటికి నిమ్మకాయంత అయింది, పైన చర్మం లోపలికి గుంజుకుపోయింది, చంకలో మరో రెండు గడ్డలు.

"ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పినావమ్మా?" అన్నాను.

"ఎవరికీ చెప్పల్యా మేడమ్."

లెక్క కట్టండి. చవితి నుంచి శ్రావణం దాకా పదకొండు నెలలు. ఆమె చేతికి మొదటి రోజే తెలిసింది. నోటికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. నేనీ రోజు మాట్లాడాలనుకున్నది ఈ పదకొండు నెలల గురించే. గడ్డ ఎలా కనిపెట్టాలో కూడా చెబుతాను, మీకు అదేమంత కష్టం కాదు.

ఈ సంచి మీ మధ్య తిప్పుతున్నాను. అమ్మా, ఇది తీసుకో. మా ఇంట్లో పాత లంగా గుడ్డతో కుట్టాను, లోపల దూది, దూది మధ్య రాగిపిండి. అందులో కొన్ని గింజలు దాచాను. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని చేత్తో చూడండి. ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో మనసులో పెట్టుకోండి. పక్కావిడకు చెప్పొద్దు.

అది తిరుగుతుండగా రెండు మూడు లెక్కలు. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో కొత్తగా సుమారు 1 లక్షా 92 వేల మందికి వచ్చింది, 98 వేల మంది దాకా చనిపోయారు. ఐదేళ్ళ తర్వాత ఎంతమంది బతికి ఉన్నారని చూస్తే, బాగా డబ్బున్న దేశాల్లో 100 మందికి 90 మంది పైన ఉంటే, మన దగ్గర 66 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కడి జబ్బు, ఇక్కడి జబ్బు ఒకటే. మందుల్లో, యంత్రాల్లో తేడా ఉంది, కాదనను. కానీ మన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా ముదిరాకే వస్తున్నారు. ఇంకొక లెక్క వినండి. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు, జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నారా అని. దేశం మొత్తం మీద అవునన్నవాళ్ళు 0.9 శాతం. వందకు ఒకరు కూడా లేరు. ఇంట్లో గేదెకు పొదుగు వాపొస్తే పశువుల డాక్టర్‌కు సాయంత్రంలోపు ఫోను పోతుంది, నేను చూశాను.

ఇప్పుడు మీరు అనుకోని మాట ఒకటి చెబుతాను. నాలాంటి డాక్టర్లు చాలామంది సభల్లో చెప్పరు, చెబితే మీరు పరీక్ష మానేస్తారేమోనని. నాకు అలా దాచడం ఇష్టం లేదు.

చైనాలో షాంఘై అనే ఊరుంది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు 2 లక్షల 66 వేల మందిని రెండు భాగాలు చేశారు. సగం మందికి రొమ్ము స్వయం పరీక్ష నేర్పారు, మళ్ళీ మళ్ళీ గుర్తు చేశారు, దగ్గరుండి చేయించారు. మిగతా సగానికి నేర్పలేదు. పదేళ్ళ పైన చూసి 2002లో ఫలితం చెప్పారు. నేర్చుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు 135 మంది, నేర్చుకోనివాళ్ళలో 131 మంది. తేడా లేదు! పైగా నేర్చుకున్నవాళ్ళలో మామూలు గడ్డలకు కూడా ముక్క పరీక్షలు ఎక్కువ జరిగాయి.

అయితే ఎందుకమ్మా ఈ మీటింగు, ఇంటికి పోదాం పదండి అంటారా? ఆగండి. నాకు అర్థమైనది చెబుతాను, ఇది నా అభిప్రాయం. నేర్పని ఆడవాళ్ళకు కూడా చేతులున్నాయి. వాళ్ళకూ స్నానం చేస్తుంటే, రవిక వేసుకుంటుంటే గడ్డ తగులుతుంది. అంటే నెలనెలా పూజలాగా ఒక తంతు చేసినంత మాత్రాన బతుకు పెరగదు. తగిలిన తర్వాత ఎక్కడికి పోయారు, ఎంత త్వరగా పోయారు అన్నదాని మీదే ఉంది కథంతా.

దీనికి తోడు మన ముంబైలో ఇంకో పని జరిగింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి మురికివాడల్లో ఉండే లక్షన్నర మంది ఆడవాళ్ళను 20 ఏళ్ళు చూశారు. సగం మందికి రెండేళ్ళకొకసారి, శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు, డాక్టర్లు కాదు, మన ఏఎన్ఎంల లాంటివాళ్ళు, చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. రొమ్ముకు అదొక్కటే పరీక్ష. 2021లో లెక్క తేలింది. జబ్బు ముదరక ముందే దొరికింది, 50 దాటిన ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైలోపు వాళ్ళలో అంత తేడా కనబడలేదు, అదీ చెప్పాలి. పెద్ద మిషన్ లేదు, కరెంటు లేదు, ఒక చెయ్యి, ఆ చేతి వెనక ఆసుపత్రికి పంపే ఏర్పాటు.

కాబట్టి మీ ఆశా అక్క ఇంటికొచ్చి ఆరోగ్య వివరాల ఫారం నింపేటప్పుడు, "రొమ్ములో గడ్డ ఏమైనా ఉందా, ముచ్చిక నుంచి రక్తం లాంటిది వస్తోందా, ఆకారంలో మార్పు వచ్చిందా" అని అడుగుతుంది. మీరేమో పొయ్యి మీద అన్నం చూస్తూ "లేదు లేదు రాసుకో" అంటారు. ఈసారి అన్నం దించి జవాబు చెప్పండి. 30 దాటిన వాళ్ళందరికీ ఐదేళ్ళకొకసారి రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. అడిగి చేయించుకోండి, అది మీకు రావలసినదే.

సంచి ఎంతదాకా వచ్చింది? ఆ చివరికా? ఎన్ని దొరికాయి? మూడా? రెండా? రెండన్నవాళ్ళు తక్కువేం కాదులెండి. నేను దాచింది మూడు. ఒక శనగ గింజ, ఒక బుడ్డ గింజ, అదే వేరుశనగ, ఒక గోలీ. శనగ గింజ లోతుగా ఉంది, గట్టిగా నొక్కితేనే తెలుస్తుంది.

ఏందవ్వా? నాలుగా? ఇటు తీసుకురండి ఆ సంచి. అవ్వ నాలుగుండాయి అంటోంది. చూద్దాం... ఎక్కడవ్వా? ఇక్కడా? అబ్బో. (నవ్వులు) అవునమ్మా, ఉంది. ఇది గింజ కాదు, నేను కుట్టేటప్పుడు దారానికి వేసిన ముడి. కుట్టిందాన్ని నేనే మరిచిపోయాను. అవ్వా, ఎన్నేళ్ళు బుడ్డలు ఒలిచావు? బతుకంతా అంట. విత్తనానికి గింజలు ఏరేటప్పుడు పుచ్చుది, ముడతది వేళ్ళకే తెలిసిపోతుంది, కళ్ళతో పని లేదు. ఆ వేళ్ళే ఇవి.

అవ్వ నాకో మంచి పాయింటు ఇచ్చింది. ఈ నాలుగోది సంచితో పాటు పుట్టిన ముడి. ప్రతి ఆడదాని రొమ్ములోనూ ఇలాంటి ముడులుంటాయి. కొందరికి మొత్తం గరుకుగా, కందులు పోసిన సంచిలా ఉంటుంది. కింది అంచున గట్టులాగా తగులుతుంది, రెండు వైపులా ఉంటుంది, అది మామూలే. లోపల పక్కటెముకలు తగులుతాయి, వాటిని చూసి గడ్డలని పరుగెత్తుకొచ్చినవాళ్ళున్నారు. నెలసరికి ముందు వారం బరువెక్కి, సలిపి, ముట్టుకోనివ్వదు. ఇవన్నీ మీ సంచి ముడులు. మీవి మీకు తెలిసి ఉంటే, నాలుగు ఐదైన రోజు తెలుస్తుంది. వజ్రాల చేను మాదిరే. ముందు మీ చేను మీకు అలవాటు కావాలి.

ఎలా చూడాలి? నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 10 రోజుల మధ్య, వాపూ సలుపూ తగ్గి ఉంటాయి. నెలసరి ఆగిపోయినవాళ్ళు, గర్భసంచి తీసేసినవాళ్ళు ఒక తేదీ పెట్టుకోండి. పొదుపు డబ్బు కట్టే రోజు పెట్టుకోండి, మరిచిపోరు.

ముందు కళ్ళతో. తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడి, చేతులు కిందికి వదిలి ఒకసారి, పైకెత్తి ఒకసారి, నడుము మీద గట్టిగా ఆనించి ఒకసారి. చేతులు పైకెత్తినప్పుడు ఒకచోట చర్మం గుంట పడుతోందా? బత్తాయి తొక్కలాగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తోందా? ముచ్చిక ఇదివరకు బయటికి ఉండి ఇప్పుడు లోపలికి పోయిందా? పుట్టినప్పటి నుంచీ లోపలికే ఉంటే ఫర్వాలేదు. ముచ్చిక మీద గజ్జిలాగా పుండు పడి, పూతమందులు రాసినా మానకపోతే దాన్ని చర్మపు జబ్బు అని వదిలేయకండి. ఒక రొమ్ము ఇంకోదానికంటే కొంచెం పెద్దగా ఉండడం చాలామందికి ఉండేదే, కొత్తగా మారిందా అన్నదే చూడండి.

తర్వాత చేత్తో. వెల్లకిలా పడుకుని, చూసే వైపు భుజం కింద మడిచిన దుప్పటి పెట్టుకుని, ఆ చెయ్యి తల వెనక పెట్టుకోండి. ఎదుటి చేతి మూడు వేళ్ళు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. వేళ్ళ కొసలతో పొడవకండి, మెత్తటి భాగం ఆనించండి. చంక నుంచి మొదలుపెట్టి పైనుంచి కిందికి, కింది నుంచి పైకి, సాలు పక్కన సాలు. గుంటక తోలేటప్పుడు సాలు వదిలితే ఏమవుతుంది? గడ్డి అక్కడే మొలుస్తుంది. మెడ కింది ఎముక దగ్గర నుంచి రొమ్ము కింది అంచు దాకా, చంక నుంచి నడిమి ఎముక దాకా. ప్రతి చోటా మూడుసార్లు, మొదట తేలిగ్గా, తర్వాత కాస్త నొక్కి, తర్వాత ఎముక తగిలేదాకా. రెండే అన్నవాళ్ళకు దొరకని శనగ గింజ లోతుది, గుర్తుంది కదా. చంక పక్కన పై భాగంలో ఇంకాస్త నిదానంగా చూడండి, ఎక్కువ గడ్డలు వచ్చేది అక్కడే. చంకలో కూడా వేళ్ళు పెట్టి చూడండి. ముచ్చికను పిండి చూడక్కర్లేదు. పిండితే ఏదో ఒకటి వస్తుంది. పిండకుండానే రవికకు మరక అంటుతోంటే, అదీ ఒక వైపే, రక్తం రంగులో ఉంటే, అప్పుడు రండి.

ఇంత ఓపిక ఎవరికుంది మేడమ్ అంటారేమో. పడుకుని చేయలేకపోతే స్నానంలో సబ్బు చేతితో చూసుకోండి. అదీ కుదరకపోతే కనీసం తగిలినప్పుడు పట్టించుకోండి. నాకు మీ నుంచి కావలసింది అదే.

నొప్పి సంగతి. ఒక్కమాట గట్టిగా చెబుతాను, నొప్పి లేకపోవడం ధైర్యపడాల్సిన విషయం కాదు. ఈ క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి ఉండదు. మన ఊళ్ళల్లో నొప్పి వస్తేనే జబ్బు. జ్వరమొస్తేనే పడుకోవడం. అందుకే ఈ జబ్బు మనల్ని సులభంగా మోసం చేస్తోంది. అలాగని నొప్పి ఉంటే క్యాన్సర్ కాదని కూడా అనుకోవద్దు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. తగిలే గడ్డల్లో పదింట ఎనిమిది క్యాన్సర్ కావు. పెళ్ళీడు పిల్లల్లో వచ్చేవి ఎక్కువగా గోలీలాగా అటూ ఇటూ జారిపోయే మామూలు గడ్డలు. నీటి బుడగలుంటాయి, పాలగడ్డలుంటాయి. కానీ ఏది ఏదో మీరు ఇంట్లో కూర్చుని తేల్చలేరు. చేత్తో చూసి నేనూ తేల్చలేను. అది నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక చిన్న ఆసుపత్రి, ఆ పేరు ఇక్కడ వద్దు. ఓపీలో 90 మంది. 30 దాటిన ఒకమ్మాయి వచ్చింది, చంకలో ఏడు నెలల బిడ్డ. ఎడమ రొమ్ములో గడ్డ. పరదా వెనకకు తీసుకుపోయి సరిగ్గా చూడాల్సింది. నేను కుర్చీలోంచి లేవకుండా, రవిక మీద నుంచే చెయ్యి పెట్టి, "పాలగడ్డమ్మా, కాపడం పెట్టు, ఈ మాత్రలు వాడు" అని చీటీ రాసిచ్చాను. తగ్గకపోతే ఎప్పుడు రావాలో చెప్పలేదు. ఆమె నన్ను నమ్మింది. డాక్టర్ చెప్పిందని నాలుగు నెలలు కాపడం పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆ గడ్డ పాలగడ్డ కాదని ఎవరు చూసినా చెప్పగలరు. ఆ తర్వాత ఆమె మూడేళ్ళు బతికింది. ఆ బిడ్డను బడిలో వేసిన సంగతి నాకు చెప్పడానికి వచ్చింది కూడా. నన్ను ఒక్కమాట అనలేదు.

అందుకని ఇప్పుడు పాలిచ్చే తల్లికి గడ్డ అంటే చీటీ మీద రెండు వారాల తర్వాతి తేదీ పెద్ద అక్షరాలతో రాసిస్తాను. మాత్రలకు ఆ తేదీ లోపల కరగలేదంటే స్కానింగు, సూది పరీక్ష. ఏ డాక్టరైనా, నేనైనా సరే, బట్ట మీద నుంచి చెయ్యి పెట్టి "ఏం లేదు పో" అంటే మీరు పోవద్దు. "మేడమ్, స్కానింగు రాయండి" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనీ.

వస్తే ఏం చేస్తాం? మూడు పనులు. చేత్తో పరీక్ష. తర్వాత స్కానింగు, 40 లోపు వాళ్ళకు ముందుగా అల్ట్రాసౌండ్, దాటినవాళ్ళకు మామోగ్రామ్ కూడా. మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని క్షణాలు అదిమి ఎక్స్‌రే తీయడం. కాస్త నొక్కుకుంటుంది, అబద్ధం చెప్పను. మూడోది సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష. ఇక్కడే సగం మంది పారిపోతారు. "సూది గుచ్చితే రాచపుండు కదిలి ఒళ్ళంతా పాకుతుంది" అని. పాకదు. ముక్క పరీక్ష లేకుండా ఏ మందు పనిచేస్తుందో కూడా మాకు తెలియదు. ఒళ్ళంతా పాకేది సూది వల్ల కాదు, పసరు కట్లు కట్టుకుంటూ, తాయెత్తు వేసుకుంటూ గడిపిన ఆర్నెల్ల వల్ల.

రెండో భయం, "ఆసుపత్రికి పోతే కోసేస్తారు." వందేళ్ళ కిందటైతే నిజమే. రొమ్ము, దాని కింది కండ, చంక అన్నీ తీసేసేవాళ్ళు. అమెరికాలో ఫిషర్ అనే డాక్టరు, ఇటలీలో వెరొనేసి అనే డాక్టరు వేర్వేరుగా 20 ఏళ్ళు ఆడవాళ్ళను చూసి 2002లో లెక్క చెప్పారు. చిన్న గడ్డ అయితే గడ్డ మటుకు తీసి కరెంటు పెట్టినా, అంటే రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా, బతికే కాలంలో తేడా లేదని. కానీ అది చిన్న గడ్డ మాట. నిమ్మకాయంత పెంచుకొచ్చి రొమ్ము మిగల్చమంటే అది ప్రతిసారీ నా చేతుల్లో ఉండదు. కోస్తారనే భయంతో ఆగినవాళ్ళకే ఎక్కువ కోయాల్సి వస్తోంది.

డబ్బు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే మీరు ఇంకా ఆరోగ్యశ్రీ అంటారే అదే, ఆపరేషన్, క్యాన్సర్ మందులు, కరెంటు పెట్టడం ఉన్నాయి. కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఆధార్, రేషన్ కార్డు పట్టుకురండి. బస్సు చార్జీ, తోడు వచ్చేవాళ్ళ కూలీ పోవడం, అక్కడ తిండి, ఈ భారం కూడా ఉంటుంది. నాకు తెలుసు. మీ పొదుపు సంఘం అప్పు పుస్తకంలో పెళ్ళికి రాస్తారు, గేదెకు రాస్తారు. సంఘంలో ఒకామెకు గడ్డ అంటే కర్నూలు ఖర్చుకు కూడా రాయొచ్చని ఈ రోజే తీర్మానం చేసుకోండి. అధ్యక్షురాలు తల ఊపుతోంది, నేను చూశాను, ఇక వెనక్కి పోలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక గడువు పెట్టింది. ఆడమనిషి ఆసుపత్రి గడప తొక్కిన 60 రోజుల్లోపు జబ్బేమిటో తేలిపోవాలని. మంచిదే, మా మెడ మీద కత్తి ఉండాలి. కానీ ఆ 60 రోజులు గడప దగ్గర మొదలవుతాయి. పదకొండు నెలలు ఎవరి ఖాతాలో రాయాలి?

సరే, ప్రశ్నలు అడగండి.

దెబ్బ తగిలితే వస్తుందా? రాదు. దెబ్బ తగిలినప్పుడు అక్కడ తడుముకుంటాం కదా, అప్పుడు పాత గడ్డ చేతికి తగులుతుంది. దెబ్బ వల్లే వచ్చిందనుకుంటాం.

పక్కన పడుకుంటే, ఒకే కంచంలో తింటే? అంటుకోదు. ఆమె బిడ్డను ఆమె దగ్గర పడుకోనివ్వండి.

మా అమ్మకు ఉండె, నాకు వస్తుందా? రావాలని లేదు. వంశంతో వచ్చేవి 100లో 5 నుంచి 10. కానీ అమ్మకో, అక్కచెల్లెళ్ళకో చిన్న వయసులో వచ్చి ఉంటే నువ్వు అందరికంటే ముందు నుంచే చూపించుకోవాలి. ఇక్కడ ఇంకోమాట, మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి నాకు రాదు అనుకునేవాళ్ళు ఎక్కువ. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లో ఎవరికీ లేదు.

పాలిస్తే రాదంట కదా? కొంత తగ్గిస్తుంది, నిజం. నలుగురికి పాలిచ్చినవాళ్ళకూ నేను ఆపరేషన్ చేశాను.

ఏమ్మా, గట్టిగా అను. మైకు ఇవ్వండి ఆమెకు. "మగాయనకు ఎట్ల చెప్పల్ల మేడమ్?" మంచి ప్రశ్న, ఇందాకటి నుంచి దీనికోసమే చూస్తున్నాను. చూడమ్మా, "ఒంట్లో బాగలేదు" అని చెప్పొద్దు. అలా చెబితే "మెడికల్ షాపులో మాత్ర తెస్తా" అంటాడు. "నా రొమ్ములో గడ్డ తగిలింది, సోమవారం చూపించుకోవాలి" అను. ఏం ఉంది, ఎప్పుడు పోవాలి, రెండూ ఒకే మాటలో. రోజు చెప్పకపోతే అది సుగ్గి దాటిపోతుంది. ఆయనతో చెప్పలేకపోతే కూతురికి చెప్పు, ఆడబిడ్డకు చెప్పు, ఆశా అక్కకు చెప్పు. ఎవరో ఒకరికి ఆ రోజు పొద్దు గుంకక ముందు. ఏదీ, అందరూ ఒకసారి అనండి. గట్టిగా. "నా రొమ్ములో గడ్డ తగిలింది." ఇంకోసారి. ఇందాక పరిచయం చేసిన అక్క గొంతు నాకు వినబడలేదు. ఆ, ఇప్పుడు వినబడింది. (చప్పట్లు)

టైమ్ అయిపోయింది. పక్క గదిలో పరదా కట్టించాను. నేనూ, మీ ఏఎన్ఎం అమ్మా ఉంటాం. చూపించుకోవాలనుకున్నవాళ్ళు ఒక్కొక్కరుగా రండి, పేరు కూడా అడగను. తుగ్గలి బస్సు నాలుగింటికట, ఆ బస్సువాళ్ళు ముందు రండి. మీటింగుకు రాలేక ఇంట్లో ఉండిపోయినవాళ్ళుంటే మీ ఆశా అక్కకు చెప్పండి, ఆమె రాసుకుంటుంది.

సంచి ఎవరి దగ్గర ఉందమ్మా? అవ్వా, అది నాకిచ్చేయ్. వచ్చే వారం ఆదోనిలో దాంతో పనుంది.